తాళం గుర్తు వెనక: సర్టిఫికెట్ చూపించడం వేరు, నమ్మడం వేరు

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గరి నెట్ సెంటర్లోనైనా, విజయనగరం కోట చుట్టుపక్కల ట్యాక్స్ కన్సల్టెంట్ ఆఫీసులోనైనా ఎప్పుడో ఒకప్పుడు తెర మీద ఎర్రటి గుర్తు పడుతుంది. 'మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు' అని బ్రౌజరు ఆపేస్తుంది. పక్కనున్నవాళ్లు వెంటనే మూడు సలహాలిస్తారు. అడ్వాన్స్‌డ్ నొక్కి ముందుకెళ్లిపొమ్మని ఒకరు, వేరే బ్రౌజర్లో తెరవమని ఇంకొకరు, ఆ సైటు సర్టిఫికెట్ (సైటు తానెవరో చూపించే డిజిటల్ పత్రం) దించుకుని సిస్టమ్‌లో ఇన్‌స్టాల్ చేసెయ్యమని మూడో మనిషి. ఆ మూడో సలహా వినడానికి బాగా తెలిసినవాళ్ల మాటలా ఉంటుంది. ఎక్కువ నష్టం చేసేదీ అదే.

చిక్కంతా మాటలో ఉంది. 'సర్టిఫికెట్ ఇన్‌స్టాల్ చేయడం' అని మనం రెండు వేర్వేరు పనుల్ని ఒకే పేరుతో పిలుస్తున్నాం. మన వెబ్‌సైటు నడిచే సర్వర్లో మన సర్టిఫికెట్ పెట్టడం మొదటిది: మనమెవరమో వచ్చినవాళ్లకి చూపించుకోవడం. మన కంప్యూటర్లోనో ఫోన్లోనో ఇంకొకరి రూట్ సర్టిఫికెట్ (మిగతా సర్టిఫికెట్లకు సంతకం పెట్టే మూల సర్టిఫికెట్) చేర్చడం రెండోది: ఇకమీదట ఆ ఇంకొకరు ఎవరికి సంతకం పెట్టిచ్చినా కళ్లు మూసుకుని నమ్ముతామని ఒప్పుకోవడం. మొదటి పనిలో పొరపాటు జరిగితే సైటు తెరుచుకోదు, ఫోన్లు వస్తాయి, సరిచేసుకుంటాం. రెండో పనిలో పొరపాటు జరిగితే అన్నీ చక్కగా తెరుచుకుంటాయి, తాళం గుర్తూ ఉంటుంది, మధ్యలో ఎవరో కూర్చుని చదువుతున్నా మనకు తెలియదు.

తహసీల్దారు సంతకంతో పోల్చి చూస్తే

కుల ధ్రువీకరణ పత్రం పట్టుకుని ఒక పిల్లాడు కాలేజీలో సీటు కోసం వెళ్లాడనుకోండి. అక్కడి గుమాస్తాకి ఆ పిల్లాడు తెలియడు, వాళ్ల ఊరూ తెలియదు. పత్రం మీద పేరు సరిపోయిందా, తహసీల్దారు సంతకం ఉందా అని చూస్తాడు. ఆ తహసీల్దారుకు అధికారమిచ్చింది ప్రభుత్వం. ప్రభుత్వాన్ని గుమాస్తా ముందునుంచే నమ్ముతున్నాడు కాబట్టి పత్రాన్నీ నమ్ముతాడు.

బ్రౌజరు చేసేదీ దాదాపు ఇదే. సైటు చూపించే పత్రం సర్వర్ సర్టిఫికెట్. దాని మీద సంతకం పెట్టేది ఇంటర్మీడియట్ అనే మధ్య సర్టిఫికెట్. ఆ ఇంటర్మీడియట్‌కు అధికారమిచ్చేది రూట్. రూట్ సర్టిఫికెట్లు ముందుగానే మన పరికరంలో ఒక జాబితాగా ఉంటాయి. మైక్రోసాఫ్ట్, ఆపిల్, మొజిల్లా, గూగుల్ ఎవరికి వారు ఆ జాబితాలను నిర్వహిస్తారు. ఎవరిని చేర్చాలి, ఎవరిని తీసెయ్యాలి అన్నది వాళ్లే నిర్ణయిస్తారు. ఒకే సైటు ఒక బ్రౌజర్లో తెరుచుకుని ఇంకోదాంట్లో ఆగిపోవడానికి ఒక్కోసారి ఈ జాబితాల మధ్య తేడాయే కారణం.

పోలిక ఒక్కచోట తెగుతుంది. కుల పత్రాన్ని జిరాక్స్ తీసి ఇంకొకరు చూపించొచ్చు. సర్వర్ సర్టిఫికెట్‌నైతే ఎవరైనా కాపీ చేసుకోవచ్చు, అది బహిరంగమే. దానికి జత అయిన ప్రైవేట్ కీ (రహస్య తాళంచెవి) మాత్రం అసలు సర్వరు దగ్గరే ఉంటుంది. కనెక్షన్ మొదలయ్యే ఆ క్షణంలో, తన దగ్గర ఆ కీ ఉందని సర్వరు లెక్క కట్టి నిరూపించాలి. అందుకే సర్టిఫికెట్ పోయినా ఫరవాలేదు, కీ పోతే అంతా పోయినట్టే.

తాళం గుర్తుకు అర్థం దారి భద్రంగా ఉందని, అవతలివాడు ఆ డొమైన్ (సైటు పేరు) యజమానే అని, అంతవరకే. అవతలివాడు మంచివాడని కాదు. మోసం సైటు పెట్టినవాడు కూడా తన డొమైన్‌కు ఉచితంగా సర్టిఫికెట్ తెచ్చుకోగలడు.

ముందు తప్పేమిటో చదవండి

ఎర్ర తెర పడగానే దాని అడుగున చిన్న అక్షరాల్లో ఉండే కోడ్ చదవాలి. సగం సమస్య అక్కడే తేలిపోతుంది. 'డేట్ ఇన్‌వాలిడ్' అని ఉంటే తేదీ గొడవ, 'కామన్ నేమ్ ఇన్‌వాలిడ్' అని ఉంటే పేరు గొడవ, 'అథారిటీ ఇన్‌వాలిడ్' అని ఉంటే సంతకం గొడవ. మూడింటికి మూడు వేర్వేరు మందులు.

తేదీ గొడవ మన జిల్లాల్లో పాత సిస్టమ్‌ల మీద తరచూ కనిపిస్తుంది, పైగా తప్పు సైటుది కాదు. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత గుండ్రటి బ్యాటరీ ఒకటుంటుంది: సీఆర్ 2032, మూడు వోల్టులు, 20 మిల్లీమీటర్ల వ్యాసం, 3.2 మిల్లీమీటర్ల మందం. సిస్టమ్‌కు కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది అదే. ప్లగ్గులో కరెంటు ఉన్నంతసేపూ దాని మీద భారం పడదు. స్విచ్ బోర్డు దగ్గరే ఆపేసి వెళ్లే అలవాటున్నచోట అది త్వరగా అయిపోతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తరవాత ఉద్దానంలో లాగా రోజుల తరబడి కరెంటు లేకపోతే, కొన ఊపిరితో ఉన్న బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతుంది. మళ్లీ ఆన్ చేసేసరికి తేదీ పదేళ్లో పదిహేనేళ్లో వెనక్కి పోయి ఉంటుంది. ఆ తేదీ లెక్కన ఇవాళ్టి సర్టిఫికెట్లేవీ ఇంకా పుట్టనే లేదు. అందుకని ఒక్క సైటు కాదు, అన్నీ ఎర్రబడతాయి. అన్ని సైట్లూ ఒక్కసారే మొరాయిస్తే ముందు కుడి పక్క మూలనున్న తేదీ చూడండి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. విండోస్‌కు నెట్ నుంచి టైమ్ తెచ్చుకునే సర్వీస్ ఉంది కదా, అదే దిద్దుకుంటుందిలే అనుకుంటాం. సొంతంగా నడిచే (ఆఫీసు సర్వరు అదుపులో లేని) సిస్టమ్‌లో డిఫాల్టుగా 15 గంటలకు మించి తేడా ఉంటే ఆ సర్వీస్ దిద్దకుండా వదిలేస్తుంది. కాబట్టి తేదీని చేత్తో దగ్గరకు తెచ్చి, తరవాత సింక్ చెయ్యాలి. బ్యాటరీ మార్చకపోతే రేపు మళ్లీ ఇదే కథ. టైమ్ జోన్ భారత కాలమానానికి ఉందో లేదో కూడా చూడాలి. సర్టిఫికెట్ల మీద గడువు గ్రీనిచ్ కాలంలో రాస్తారు. అక్కడ రాత్రి 11.59కి ముగిసేది మనకు మర్నాటి తెల్లవారుజామున 5.29కి ముగుస్తుంది.

పేరు గొడవలో ఎక్కువగా కనబడేది డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ ఉన్న పేరుకు సర్టిఫికెట్ తీసుకుని, లేని పేరును వదిలేయడం. కంప్యూటర్‌కు ఆ రెండూ రెండు పేర్లు. సర్టిఫికెట్‌లో 'సబ్జెక్ట్ ఆల్టర్నేటివ్ నేమ్' అనే చోట ఏ పేర్లున్నాయో అవే లెక్క. 2017లో వచ్చిన క్రోమ్ 58 నుంచి పాత కామన్ నేమ్ గడిని చూడటమే మానేశారు. ఇప్పటికీ ఆ గడి మాత్రమే నింపి సొంత సర్టిఫికెట్ తయారుచేసుకుని, ఎందుకు పనిచెయ్యడం లేదని తల పట్టుకునేవాళ్లున్నారు.

సంతకం గొడవకు సైటువాళ్ల తప్పు కారణం కావచ్చు, మధ్యలో ఎవరో దూరడమూ కావచ్చు. రెండింటిలో ఏదైనా, చూసేవాడు తన సిస్టమ్‌లో సర్టిఫికెట్ ఎక్కించుకోవడం దానికి మందు కాదు.

మొదటి పని: మన సర్వర్లో మన సర్టిఫికెట్

పలాసలో జీడిపప్పు అమ్మే సంస్థో, పొందూరు ఖాదీ అమ్మే సంఘమో సొంత వెబ్‌సైటు పెట్టుకుందనుకుందాం. వాళ్లకు 'ఎస్‌ఎస్‌ఎల్' పేరుతో (ఈ సర్టిఫికెట్‌కే వాడుకలో ఉన్న పేరు) ఏటా వేలల్లో బిల్లు వేసేవాళ్లు తగులుతారు. తెలుసుకోవలసింది ఏమిటంటే, ఉచిత సర్టిఫికెట్‌కూ డబ్బిచ్చి కొన్నదానికీ ఎన్‌క్రిప్షన్ బలంలో తేడా లేదు. ఖరీదైన రకాల్లో సంస్థ పేరు, చిరునామా కూడా పరిశీలించి రాస్తారు. ఒకప్పుడు అలాంటి సైట్లకు చిరునామా పట్టీలో ఆకుపచ్చగా సంస్థ పేరు కనిపించేది. 2019లో క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ అది తీసేశాయి. చిన్న వ్యాపారానికి లెట్స్ ఎన్‌క్రిప్ట్ లాంటి ఉచిత సంస్థ ఇచ్చే సర్టిఫికెట్ చాలు.

పని ఇలా నడుస్తుంది. సర్వర్లోనే ఒక కీ జత తయారుచెయ్యాలి. ఆర్‌ఎస్‌ఏ అయితే 2048 బిట్లు, ఎలిప్టిక్ రకం అయితే పీ-256. 'సర్వర్లోనే' అన్న మాట ముఖ్యం. డిజైనరు తన లాప్‌టాప్‌లో కీ చేసి వాట్సాప్‌లో పంపితే, ఆ కీ అప్పటికే రెండు ఫోన్లలో, వాటి బ్యాకప్‌లలో ఉన్నట్టు. కీ ఫైలు సర్వరు అడ్మిన్ (లినక్స్‌లో 'రూట్ యూజర్' అంటారు, రూట్ సర్టిఫికెట్‌తో సంబంధం లేదు) తప్ప ఇంకెవరూ చదవకుండా అనుమతి 600కి పెట్టాలి. తరవాత ఆ కీతో ఒక అభ్యర్థన తయారవుతుంది, సీఎస్ఆర్ అంటారు. అందులో పేర్లు, పబ్లిక్ కీ మాత్రమే వెళ్తాయి. ప్రైవేట్ కీ గుమ్మం దాటదు.

డొమైన్ మనదేనని నిరూపించడానికి రెండు దారులు బాగా వాడుకలో ఉన్నాయి. ఒకటి హెచ్‌టీటీపీ పద్ధతి: సంస్థ చెప్పిన ఫైలును మన సైట్లో నిర్ణీత ఫోల్డరులో పెడితే వాళ్లు వచ్చి చదివి చూసుకుంటారు. ఇది 80వ పోర్టు (సర్వరుకుండే తలుపుల్లో మామూలు వెబ్ తలుపు; భద్రమైన వెబ్‌కు 443) మీదే జరుగుతుంది. భద్రత పేరుతో 80ని పూర్తిగా మూసేసి 443 మాత్రమే ఉంచినచోట ఇది విఫలమవుతుంది. ఫైర్‌వాల్‌లో విదేశీ ఐపీలన్నింటినీ ఆపేసినచోట కూడా అంతే, ఎందుకంటే పరిశీలన ప్రపంచంలో ఒకటికి మించిన చోట్ల నుంచి వస్తుంది. మూడో కారణం కనిపెట్టడం కష్టం: హోస్టింగ్ మారినప్పుడు డీఎన్‌ఎస్‌లో (సైటు పేరు ఏ ఐపీ చిరునామాకు వెళ్లాలో చెప్పే పట్టీ) పాత ఐపీవీ6 (కొత్త తరహా ఐపీ) రికార్డు తీసెయ్యకుండా వదిలేస్తారు. మన ఫోన్లో సైటు కొత్త సర్వర్ నుంచి బాగానే వస్తుంటుంది, పరిశీలకుడు మాత్రం పాత సర్వరు తలుపు తడుతుంటాడు.

రెండో దారి డీఎన్‌ఎస్ పద్ధతి: డొమైన్ రికార్డుల్లో ఒక టెక్స్ట్ వాక్యం చేర్చడం. దీనికి సర్వరు బయటికి కనిపించనక్కర్లేదు. ఇళ్లకూ చిన్న ఆఫీసులకూ ఇచ్చే ఫైబర్ కనెక్షన్లలో చాలావాటికి సొంత పబ్లిక్ ఐపీ ఉండదు, వందలమంది ఒకే ఐపీ పంచుకుంటారు. అలాంటిచోట హెచ్‌టీటీపీ పద్ధతితో ఎంత కుస్తీ పట్టినా లాభం లేదు. డీఎన్‌ఎస్ పద్ధతి ఒక్కటే దారి.

సెట్టింగు కుదిరేదాకా అసలు సర్వీసు మీద పదే పదే ప్రయత్నించకూడదు. లెట్స్ ఎన్‌క్రిప్ట్‌లో ఒక పేరుకు గంటలో ఐదుసార్లు పరిశీలన విఫలమైతే ఆపేస్తారు. అచ్చంగా అవే పేర్లతో వారానికి ఐదు సర్టిఫికెట్లకు మించి ఇవ్వరు. ప్రయోగాల కోసమే స్టేజింగ్ అనే సర్వీసు ఉంది. అక్కడ కుదిరాక అసలుది నడపాలి.

ఇక సర్టిఫికెట్ వచ్చాక జరిగే పొరపాటు దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే దీని వల్లే 'నాకు వస్తోంది, కస్టమర్‌కు రావడం లేదు' అనే విచిత్రమైన గొడవ పుడుతుంది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్లు తెచ్చే సర్ట్‌బాట్ అనే ప్రోగ్రాము వాడితే ఫోల్డరులో నాలుగు ఫైళ్లు దొరుకుతాయి: ప్రివ్‌కీ, సర్ట్, చెయిన్, ఫుల్‌చెయిన్. పేరు చూసి సహజంగా 'సర్ట్' అన్నదాన్నే ఎంజినెక్స్ అనే వెబ్ సర్వర్ ప్రోగ్రాము సెట్టింగులో రాసేస్తారు. అందులో మన సర్టిఫికెట్ ఒక్కటే ఉంటుంది, దానిమీద సంతకం పెట్టిన ఇంటర్మీడియట్ ఉండదు. అంటే తహసీల్దారు ఎవరో చెప్పకుండా పత్రం మాత్రం చూపించినట్టు. మన కంప్యూటర్లోని బ్రౌజరు ఆ ఇంటర్మీడియట్‌ను ఇంతకుముందు ఇంకెక్కడో చూసి దాచుకుని ఉంటుంది, లేదా తానే వెతికి తెచ్చుకుంటుంది. అందుకే సైటు వస్తుంది. కస్టమర్ ఫోన్లోని యాప్, పేమెంట్ సమాచారం పంపే అవతలి సర్వరు అంత శ్రమ పడవు. 'లోకల్ ఇష్యూయర్ సర్టిఫికెట్ దొరకలేదు' అని తిప్పి పంపేస్తాయి. పెట్టవలసింది ఫుల్‌చెయిన్. చేత్తో అతికించేటట్టయితే మన సర్టిఫికెట్ పైన, ఇంటర్మీడియట్ దాని కింద, అదే వరస. రూట్ పెట్టనక్కర్లేదు, అది చూసేవాళ్ల దగ్గరే ఉంటుంది.

'కీ వాల్యూస్ మిస్‌మ్యాచ్' అని సర్వరు మొరాయిస్తే, సీఎస్ఆర్ రెండోసారి చేసినప్పుడు కీ కూడా కొత్తది తయారై, పాత కీ పక్కన కొత్త సర్టిఫికెట్ చేరిందన్నమాట. విండోస్ సర్వర్లోనైతే సర్టిఫికెట్ ఎక్కించినా ఐఐఎస్ (విండోస్ వెబ్ సర్వర్ ప్రోగ్రాము) జాబితాలో కనిపించకుండా మాయమవుతుంది. ప్రైవేట్ కీ లేకుండా ఎక్కించడమే దానికి కారణం. అక్కడ కీ, సర్టిఫికెట్ కలిపిన పీఎఫ్‌ఎక్స్ ఫైలు కావాలి.

గడువుల సంగతి ఈ రంగంలో ఇప్పుడు అన్నిటికంటే పెద్ద మార్పు. 2020 సెప్టెంబరులో సర్టిఫికెట్ గరిష్ఠ ఆయుష్షు 398 రోజులకు తగ్గింది. బ్రౌజర్లూ సర్టిఫికెట్ సంస్థలూ కలిసి ఉండే ఫోరం 2025 ఏప్రిల్‌లో దాన్ని మెట్లు మెట్లుగా కోసింది: 2026 మార్చి 15 నుంచి 200 రోజులు, 2027 మార్చి 15 నుంచి 100, 2029 మార్చి 15 నుంచి 47. లెట్స్ ఎన్‌క్రిప్ట్ మొదటి నుంచీ మామూలుగా 90 రోజులకే ఇస్తూ వచ్చింది. గడువు దగ్గర పడుతోందని ఈమెయిల్ పంపడం 2025 జూన్‌లో మానేసింది. అంటే ఏడాదికోసారి క్యాలెండరులో గుర్తు పెట్టుకుని చేత్తో మార్చే పద్ధతికి కాలం చెల్లింది. రెన్యువల్ దానంతట అదే జరగాలి. జరిగాక సర్వరు కొత్త ఫైలును మళ్లీ చదివేలా రీలోడ్ కూడా దానంతట అదే కావాలి. ఈ రెండో సగాన్ని చాలామంది మర్చిపోతారు. ఫోల్డరులో కొత్త సర్టిఫికెట్ ఉంటుంది, సర్వరు మాత్రం మెమరీలోని పాతదాన్నే చూపిస్తూ గడువు దాటిపోతుంది. సర్ట్‌బాట్‌లో 'డ్రై రన్' అని ఒక పరీక్ష ఉంది. మొదటి రోజే దాన్ని నడిపి చూడండి.

రెండో పని: మన సిస్టమ్‌లో ఇంకొకరి రూట్

దీనికి న్యాయమైన అవసరాలు లేకపోలేదు. కాలేజీ ల్యాబులో బయటి నెట్‌తో సంబంధం లేని సర్వరు ఉండొచ్చు. సంస్థ ఫైర్‌వాల్ వైరస్‌ల కోసం ట్రాఫిక్ విప్పి చూసి మళ్లీ మూసి పంపేలా పెట్టుకుని ఉండొచ్చు. అప్పుడు ఆ సంస్థ తన రూట్‌ను తన సిస్టమ్‌లలో పెట్టుకుంటుంది. సంస్థ యంత్రం మీద సంస్థ రూట్ ఉండటంలో తప్పు లేదు, ఉద్యోగులకు ఆ సంగతి చెప్పినంతవరకు. సొంత ఫోన్లో పెట్టమంటే మాత్రం అడగాల్సిన ప్రశ్నలున్నాయి.

ఎందుకంటే రూట్‌కు హద్దుల్లేవు. ఒక ల్యాబు సర్వరు కోసం పెట్టిన రూట్, దాని కీ ఎవరి చేతిలో ఉంటే వాళ్లు బ్యాంకు పేరుతోనూ సర్టిఫికెట్ పుట్టించగలిగేంత శక్తి ఇస్తుంది. ఊహించి చెప్తున్నది కాదు. 2011లో నెదర్లాండ్స్‌లోని డిజినోటార్ అనే సంస్థలోకి చొరబడినవాళ్లు గూగుల్ పేరుతో దొంగ సర్టిఫికెట్ పుట్టించారు. దాన్ని ఇరాన్‌లోని వాడకందార్ల మీద ప్రయోగించారు. అన్ని జాబితాల్లోంచీ పేరు పోయి, ఆ సంస్థ అదే సెప్టెంబరులో దివాలా తీసింది. మన దేశంలోనూ జరిగింది. 2014 జూలై 2న గూగుల్ తన డొమైన్ల పేరుతో అక్రమ సర్టిఫికెట్లను కనిపెట్టింది. అవి వచ్చింది నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ ఇంటర్మీడియట్ల నుంచి, వాటి పైన ఉన్నది భారత ప్రభుత్వ సీసీఏ (సర్టిఫికెట్ సంస్థలకు లైసెన్సు ఇచ్చే కంట్రోలర్ కార్యాలయం) రూట్. ఆ రూట్ మైక్రోసాఫ్ట్ జాబితాలో ఉంది కాబట్టి విండోస్ వాటిని నమ్మింది. మొజిల్లా జాబితాలో లేదు కాబట్టి ఫైర్‌ఫాక్స్ నమ్మలేదు. మర్నాడే ఆ ఇంటర్మీడియట్లను రద్దు చేశారు. 2015లో లెనోవో లాప్‌టాప్‌లలో బయటపడిన సూపర్‌ఫిష్ అనే ప్రోగ్రాము ఇంకా ఘోరం: తన రూట్‌తో పాటు దాని ప్రైవేట్ కీని కూడా ప్రతి యంత్రంలోనూ పెట్టింది, అన్నింటిలోనూ అదే కీ. ఒక లాప్‌టాప్ విప్పి కీ తీసినవాడు మిగతా అందరినీ మోసం చెయ్యగలిగే స్థితి.

కాబట్టి రూట్ పెట్టే ముందు అసలు చెయ్యాల్సిన పని దాని ఫింగర్‌ప్రింట్ (ఆ సర్టిఫికెట్‌ను గుర్తుపట్టే అంకెలూ అక్షరాల వరస) పోల్చడం. ఫైలు ఏ దారిన వచ్చిందో ఆ దారినే ఫింగర్‌ప్రింట్ కూడా వస్తే అర్థం లేదు. ఫైలు నెట్‌లో వస్తే అంకెలు ఫోన్లో చదివించుకోవాలి, లేదా నోటీసు బోర్డు మీద కాగితం చూసుకోవాలి. ఒక చిన్న జాగ్రత్త: విండోస్‌లోని సర్టిఫికెట్ కిటికీ చూపే థంబ్‌ప్రింట్ షా-1 రకం, 40 అక్షరాలుంటుంది. అడ్మిన్ ఇచ్చేది సాధారణంగా షా-256, 64 అక్షరాలు. రెండూ కలవడం లేదని కంగారు పడేముందు ఒకే రకాన్ని పోలుస్తున్నామా చూసుకోవాలి.

విండోస్‌లో సర్టిఫికెట్ ఫైలు మీద రెండుసార్లు నొక్కి 'ఇన్‌స్టాల్ సర్టిఫికెట్' అంటే, కరెంట్ యూజరా లోకల్ మెషీనా అని అడుగుతుంది. ల్యాబులో విద్యార్థులు వేర్వేరు లాగిన్లు వాడతారు కాబట్టి లోకల్ మెషీన్ ఎంచుకోవాలి. లేదంటే అడ్మిన్ లాగిన్‌లో పనిచేసి పిల్లల లాగిన్లలో పనిచెయ్యదు. తరవాతి తెరలో స్టోర్‌ను విండోసే ఎంచుకునేలా వదిలెయ్యకూడదు. అలా వదిలితే రూట్ తప్పు అరలో, చాలాసార్లు ఇంటర్మీడియట్ల అరలో పడుతుంది. 'ఇంపోర్ట్ విజయవంతం' అని వస్తుంది, హెచ్చరిక మాత్రం పోదు. బ్రౌజ్ నొక్కి 'ట్రస్టెడ్ రూట్ సర్టిఫికేషన్ అథారిటీస్' అన్న అరను చేత్తో ఎంచుకోవాలి.

ఉబుంటులో ఫైలు కొసన సీఆర్‌టీ అనే మూడక్షరాలు తప్పనిసరి. పెమ్ అని ఉంటే అప్‌డేట్ ఆదేశం దాన్ని పట్టించుకోకుండా వదిలేస్తుంది, తప్పు కూడా చూపించదు. ఐఫోన్‌లో ప్రొఫైల్ ఇన్‌స్టాల్ చెయ్యడంతో పని అవదు. జనరల్‌లో అబౌట్ లోపలికి వెళ్లి 'సర్టిఫికెట్ ట్రస్ట్ సెట్టింగ్స్'లో స్విచ్ ఆన్ చెయ్యాలి. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్‌లోని సెక్యూరిటీ భాగంలోంచి సీఏ (సర్టిఫికెట్లకు సంతకం పెట్టే సంస్థ) సర్టిఫికెట్‌గా ఎక్కించొచ్చు, కానీ 2016లో వచ్చిన ఆండ్రాయిడ్ 7 నుంచి యాప్‌లు వాడకందారు చేర్చిన రూట్‌లను మామూలుగా నమ్మవు. బ్రౌజర్లో సైటు వచ్చి, అదే సంస్థ యాప్ రాకపోతే కారణం ఇదే. అది లోపం కాదు, కావాలని పెట్టిన కాపలా. జావా ప్రోగ్రాములకు వాటి సొంత జాబితా వేరే ఉంటుంది. విండోస్‌లో పెట్టింది వాటికి తెలియదు.

వైఫై, డీఎస్సీ

రాజాం, విజయనగరం చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీల్లో విద్యార్థి నంబరు, పాస్‌వర్డ్ అడిగే వైఫై చూసి ఉంటారు. కనెక్ట్ అయ్యేటప్పుడు ఫోను సీఏ సర్టిఫికెట్ ఏదని అడుగుతుంది. పాత ఫోన్లలో 'డోంట్ వ్యాలిడేట్' అని ఒక ఎంపిక ఉండేది, సీనియర్లు జూనియర్లకు అదే నేర్పేవారు. దాని ఫలితం: హాస్టల్ బయట ఎవరైనా అదే వైఫై పేరుతో ఒక రౌటరు పెడితే, ఫోను దాన్నే కాలేజీ అనుకుని లాగిన్ వివరాలను ఛేదించడానికి వీలైన రూపంలో అప్పజెప్పేస్తుంది. కొత్త ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలావాటి నుంచి ఆ ఎంపికే తీసేశారు. కాలేజీ చెయ్యాల్సింది రెండు ముక్కలు ప్రకటించడం: ఏ సీఏ ఎంచుకోవాలి, డొమైన్ గడిలో ఏం రాయాలి. డొమైన్ గడి ఖాళీగా వదిలి 'సిస్టమ్ సర్టిఫికెట్లు' ఎంచుకుంటే, లోకంలో ఏ సర్టిఫికెట్ ఉన్నవాడైనా కాలేజీనని చెప్పుకోగలడు.

డీఎస్సీ అనగానే మన జిల్లాల్లో టీచర్ పోస్టులే గుర్తొస్తాయి. ఇక్కడ చెప్తున్నది డిజిటల్ సిగ్నేచర్ సర్టిఫికెట్, జీఎస్టీ రిటర్నులకూ టెండర్లకూ వాడే యూఎస్‌బీ టోకెన్. ఐటీ చట్టం 2000 కింద సీసీఏ లైసెన్సు ఇచ్చిన సంస్థలే దాన్ని ఇస్తాయి. 2021 జనవరి నుంచి క్లాస్ 2 ఆపేశారు, ఈ పనులకు ఇప్పుడు క్లాస్ 3 ఒక్కటే. ఇది సంతకానికి పనికొచ్చేది, వెబ్‌సైటుకు పెట్టుకునేది కాదు. అయినా మన విషయంలోకి ఎందుకొచ్చిందంటే, జీఎస్టీ పోర్టల్‌లో సంతకం చేయించే ఎమ్‌సైనర్ అనే ప్రోగ్రాము మన సిస్టమ్‌లోనే ఒక చిన్న సర్వరులా నడుస్తుంది. పోర్టల్ పేజీ దానితో 127.0.0.1 చిరునామాలో, 1585 పోర్టులో మాట్లాడుతుంది. ఆ మాటలకూ సర్టిఫికెట్ కావాలి. బ్రౌజరు దాన్ని నమ్మకపోతే 'ఎమ్‌సైనర్‌ను మళ్లీ మొదలుపెట్టండి' అని వస్తుంది, ఎన్నిసార్లు మొదలుపెట్టినా అదే వస్తుంది. ప్రోగ్రామును అడ్మినిస్ట్రేటర్‌గా నడిపి, ఆ చిరునామాను బ్రౌజర్లో విడిగా తెరిచి, హెచ్చరికను అక్కడ ఒప్పుకుంటే దారికొస్తుంది. హెచ్చరిక దాటి వెళ్లడం ఇక్కడ సమ్మతమే, ఎందుకంటే మాట్లాడుతున్నది మన యంత్రం మనతోనే. అదే అలవాటును బయటి సైట్ల మీదికి తీసుకెళ్లకూడదు. సీసీఏ రూట్ ఎక్కించాల్సి వస్తే సీసీఏ అధికారిక సైటు నుంచే దించుకోవాలి. టోకెన్ అమ్మినవాడు వాట్సాప్‌లో పంపిన జిప్ ఫైలులోంచి కాదు.

రూట్ పెట్టకుండా గట్టెక్కే దారి

ల్యాబు సర్వరు కోసమో, ఆస్పత్రి లోపలి రిపోర్టుల సర్వరు కోసమో సొంత సీఏ తయారుచేసుకుని యాభై సిస్టమ్‌లలో ఎక్కించే ముందు ఇంకో దారి చూడాలి. ఆ సంస్థకు ఎలాగూ ఒక డొమైన్ ఉంటుంది. దాని కింద లోపలి సర్వరుకు ఒక పేరు పెట్టి, డీఎన్‌ఎస్ పద్ధతిలో మామూలు సర్టిఫికెట్ తీసుకుని, లోపలి డీఎన్‌ఎస్‌లో ఆ పేరును 192.168తో మొదలయ్యే ఐపీకి చూపిస్తే సరిపోతుంది. ఏ సిస్టమ్‌లోనూ, ఏ ఫోన్లోనూ ఏదీ ఎక్కించనక్కర్లేదు. ఒక్కటే జాగ్రత్త: ఇలా తీసుకున్న సర్టిఫికెట్ల పేర్లన్నీ ట్రాన్స్‌పరెన్సీ లాగ్ అనే పట్టీల్లో బహిరంగంగా నమోదవుతాయి, ఎవరైనా వెతికి చూడొచ్చు. కాబట్టి రోగుల రికార్డుల సర్వరు అని తెలిసేలా పేరు పెట్టకండి.

అదీ కుదరక సొంత సీఏ తప్పనప్పుడు, రూట్ కీని ఏ సర్వర్లోనూ ఉంచకూడదు. పాస్‌వర్డుతో మూసి రెండు పెన్ డ్రైవ్‌లలో పెట్టి, బీరువాలో దాచాలి. రూట్ తయారుచేసేటప్పుడే 'నేమ్ కన్‌స్ట్రెయింట్స్' పెట్టి సంస్థ డొమైన్‌కు మాత్రమే పరిమితం చేస్తే, కీ పోయినా, ఆ హద్దును పాటించే బ్రౌజర్లలో బ్యాంకు పేరుతో పుట్టించిన సర్టిఫికెట్ చెల్లదు. సర్వర్ సర్టిఫికెట్లు 825 రోజులు దాటకూడదు, దాటితే ఆపిల్ పరికరాలు ఒప్పుకోవు. ఐపీతో తెరిచే సర్వరైతే ఆ ఐపీని ఆల్టర్నేటివ్ నేమ్ గడిలో ఐపీగానే రాయాలి. డీఎన్‌ఎస్ పేరుగా రాస్తే చెల్లదు.

మీ ఆండ్రాయిడ్ ఫోన్లో ఇప్పుడే చూసుకోగలిగింది ఒకటుంది. సెట్టింగ్స్‌లో పైన వెతికే చోట 'ట్రస్టెడ్ క్రెడెన్షియల్స్' అని కొట్టండి. రెండు భాగాలు కనిపిస్తాయి: సిస్టమ్, యూజర్. సిస్టమ్ భాగంలో బారెడు జాబితా ఉంటుంది, దాన్ని ముట్టుకోకండి. యూజర్ భాగం మామూలుగా ఖాళీగా ఉండాలి. అందులో ఏదైనా పేరుంటే, ఎవరు పెట్టారో ఎందుకు పెట్టారో మీకు తెలిస్తే ఉంచండి. తెలియకపోతే దాని మీద నొక్కి, కిందికి జరిపి, తీసెయ్యండి. తీసేశాక కాలేజీ వైఫైయో ఆఫీసు సైటో ఆగిపోతే, ఎవరు పెట్టారో అప్పుడు తెలుస్తుంది. ఫింగర్‌ప్రింట్ కాగితం చేతిలో పెట్టుకుని మళ్లీ ఎక్కించుకోవచ్చు.